పగడాలకు వడదెబ్బ: చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

తెలుగువాళ్లకు పగడం అనగానే ఎర్రటి పూస గుర్తొస్తుంది. నల్లపూసల మధ్య గుచ్చుకునేది, కుజుడి శాంతికి ఉంగరంలో పొదిగించుకునేది ఆ పగడమే. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు అంతగా చొరని రాతి నీడల్లో పెరుగుతుంది. దిబ్బలు కట్టే పగడాలు వేరు. అవి ఎండ బాగా తగిలే, లోతు తక్కువైన ఉష్ణమండలపు నీళ్లలో సున్నాన్ని రాయిగా పేర్చుకుంటూ బతుకుతాయి. సముద్రపు అడుగుభాగంలో ఈ దిబ్బల వాటా ఒక శాతంలోపే. అయినా సముద్రజీవుల్లో దాదాపు నాలుగో వంతు జాతులు బతుకులో ఏదో ఒక దశలో వీటి ఆసరా తీసుకుంటాయి. ఈ వ్యాసం ఆ రెండో రకం గురించి.

సముద్రం వేడెక్కితే దిబ్బలు దెబ్బతింటాయన్న మాటపై ఇవాళ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి ప్రశ్నల మీద. 2022 ఆగస్టులో ఆస్ట్రేలియా సముద్ర విజ్ఞాన సంస్థ గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర, మధ్య భాగాల్లో బతికున్న పగడం విస్తీర్ణం 36 ఏళ్లలో ఎన్నడూ లేనంత పెరిగిందని ప్రకటించింది. 2025 ఆగస్టులో అదే సంస్థ, ఉత్తర, దక్షిణ భాగాల్లో ఒక్క ఏడాదిలో ఇంతటి పతనం తాము లెక్కలు మొదలుపెట్టాక చూడలేదని చెప్పింది. మరో రెండు నెలలకు, ఉష్ణజల పగడాలు తిరిగిరాలేని గీత దాటుతున్నాయని ఒక అంతర్జాతీయ నివేదిక తేల్చింది. కొందరు పరిశోధకులు ఆ తీర్పు తొందరపాటన్నారు. చిత్రమేమిటంటే వీటిలో అబద్ధం ఏదీ లేదు. ఎవరి కొలబద్ద వారిది. ఏ కొలబద్ద దేన్ని కొలుస్తోందో విడదీసి చూస్తే తప్ప ఈ చర్చ అర్థం కాదు.

రంగు పోవడం నుంచి ప్రాణం పోవడం దాకా

పగడం జంతువు. దాని కణాల్లో జూజాంథెల్లె అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. ఎండతో అవి వండిన చక్కెరే పగడానికి ప్రధానాహారం. కొన్ని జాతుల్లో కావలసిన శక్తిలో 90 శాతం దాకా అక్కడినుంచే వస్తుంది. పగడానికి రంగు కూడా చాలావరకు ఆ అద్దెదారుదే. నీళ్లు మరీ వేడెక్కితే ఈ కాపురం చెడుతుంది, శైవలాలు బయటపడతాయి. పారదర్శకమైన ఒంటి లోంచి సున్నపు ఎముక తెల్లగా కనబడుతుంది. దీన్నే తెల్లబారడం అంటున్నాం. తెల్లబారిన పగడం చచ్చినట్టు కాదు, పస్తులున్నట్టు. నీళ్లు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగొస్తాయి. చల్లబడకపోతే ఆ ఎముక మీద నాచు పడుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1928-29లో గ్రేట్ బారియర్ రీఫ్ యాత్రకు వెళ్లిన మారిస్ యంగ్ బృందం, వేడెక్కిన నీళ్లలో పగడాలు తమ శైవలాల్ని వదిలేయడం గమనించి 1931లో ప్రచురించింది. 1970ల్లో హవాయిలో కోల్స్, జోకీల్ చేసిన ప్రయోగాలు ఇంకో సంగతి బయటపెట్టాయి: పగడాలు తాము భరించగల వేడికి ఒకటి రెండు డిగ్రీల దిగువనే వేసవి గడుపుతున్నాయి. ఆ మాట అప్పట్లో పెద్దగా ఎవరి చెవినా పడలేదు. 1982-83 ఎల్ నినోలో పనామా, గలాపగోస్ తీరాల పగడాలు మూకుమ్మడిగా చచ్చిపోయినప్పుడు పీటర్ గ్లిన్ వేడి నీళ్లకూ ఈ మరణాలకూ ముడిపెట్టారు. గలాపగోస్‌లో నూటికి 95కు పైగా పోయాయి. అయినా రోగమా, కాలుష్యమా, ఎండా అన్న వాదన పదిహేనేళ్లు సాగింది. 1998లో ప్రపంచవ్యాప్తంగా దిబ్బలు తెల్లబారడంతో ఆ వాదన ముగిసింది. మరుసటి ఏడాదే ఓవ్ హోగ్-గుల్డ్‌బెర్గ్, కొన్ని దశాబ్దాల్లో ఇది ఏటేటా జరిగే తంతు అవుతుందని రాసినప్పుడు చాలామంది అతిశయోక్తి అనుకున్నారు. గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఆ తర్వాతి సామూహిక ఘటనల వరస ఇది: 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025.

వేడిని కొలిచే పద్ధతి కూడా ఆ కాలంలోనే కుదురుకుంది. ఆ చోట ఏడాదిలో అతివేడి నెల సగటును హద్దుగా పెట్టుకుంటారు. దాన్ని ఒక డిగ్రీ మించి ఒక వారం గడిస్తే ఒక లెక్క, రెండు డిగ్రీలు మించితే రెండు లెక్కలు. గడిచిన పన్నెండు వారాల మొత్తం 4 దాటితే తెల్లబారడం, 8 దాటితే చావులు. జ్వరం ఎంత ఎక్కిందన్నదే కాదు, ఎన్నాళ్లు దిగలేదన్నదీ ఇందులో చేరింది. ఈ కొలతకు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ మొదట పెట్టిన పై మెట్టు 8. 2023 వేసవి ఆ మెట్టును చాలా వెనక వదిలేయడంతో ఆ డిసెంబరులో కొత్తగా మూడు మెట్లు చేర్చారు. చివరిది 20 దగ్గర మొదలవుతుంది. అక్కడ దాదాపు అన్నీ పోతాయని అర్థం.

వేడి లోపల ఏం చేస్తుంది?

ఈ ప్రశ్నకు మూడు జవాబులు పోటీపడ్డాయి. వాటిలో ఒకటి ఓడిపోయింది.

ఓడిపోయినది బ్యాక్టీరియా సిద్ధాంతం. 1996లో ఇజ్రాయెల్ పరిశోధకులు యూజీన్ రోజెన్‌బర్గ్ తదితరులు, మధ్యధరాలోని ఒక పగడ జాతి తెల్లబారడానికి విబ్రియో జాతి సూక్ష్మజీవి కారణమని చూపారు. కొన్నేళ్లకు అదే పగడం ఆ సూక్ష్మజీవిని తట్టుకోసాగింది. 2008లో జరిగిన పరిశీలనలు బ్యాక్టీరియా మొదటి కారణం కాదన్నాయి. అయితే ఆ ఓటమి వృథా పోలేదు. పగడం ఒంటి మీది సూక్ష్మజీవుల్ని మార్చి దాన్ని బలపరచవచ్చునన్న ఇవాళ్టి ప్రయత్నాలు ఆ విత్తనంలోంచి మొలిచినవే.

పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కినది రెండోది. వేడికి శైవలంలో కిరణజన్య సంయోగక్రియ యంత్రం చెడుతుంది, ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది, వాడుకోలేని ఆ శక్తి విషపూరితమైన ఆక్సిజన్ రూపాలుగా మారుతుంది, పగడం ఆ ప్రమాదాన్ని బయటికి గెంటేస్తుంది. మబ్బు పట్టిన చోట, నీడ పడిన పక్క పగడాలు తక్కువ తెల్లబారడం దీనికి బలం. కానీ చిమ్మచీకట్లో ఉంచి వేడి చేసినా పగడాలు తెల్లబారాయని 2013లో ఒక ప్రయోగం తేల్చింది. ఎండ లేనిచోట ఎండదెబ్బ కథ మొత్తాన్ని వివరించదు.

మూడోది తిండి లెక్క. వేడిలో పగడానికి ఖర్చు పెరిగి, అది తన ఒంటిలోని మాంసకృత్తుల్ని కరిగించుకుంటుంది. అలా విడుదలైన నత్రజని శైవలానికి ఎరువవుతుంది. ఎరువు దొరికిన శైవలం తన పెరుగుదల తాను చూసుకుని, ఇంటివాడికి చక్కెర ఇవ్వడం తగ్గిస్తుంది. అంటే రంగు పోకముందే పొత్తు చెడిందన్నమాట. 2021లో రేడెకర్ బృందం చూపింది ఇదే. నా అంచనాలో రెండు, మూడు వాదాలు ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. దీర్ఘంగా సాగే ఓ మోస్తరు వేడికి మూడోది, మండే ఎండలో వచ్చే హఠాత్తు వేడికి రెండోది ఎక్కువ సరిపోతాయి. ఇక 2016లో చూసినట్టు మరీ తీవ్రమైన వేడిలో పగడాలు తెల్లబారే వ్యవధి కూడా లేకుండా నేరుగా ఉడికిపోయి చనిపోతాయి. అక్కడ పస్తుల లెక్కే పనిచేయదు.

లెక్కలు ఎందుకు కలవవు?

1998లో ప్రపంచ పగడాల్లో ఎంత పోయాయి? క్లైవ్ విల్కిన్సన్ సంకలనం చేసిన తొలి అంచనా 16 శాతం. 2021లో వెలువడిన ప్రపంచ పగడపు దిబ్బల నివేదిక, 73 దేశాల్లో 12,000కు పైగా చోట్ల కొలిచిన వివరాలు చేర్చి, 8 శాతమంది. మొదటిది ఎక్కడికక్కడ నిపుణులు చెప్పిన అంచనాల కూర్పు, రెండోది కొలతల గణితం. సగానికి తగ్గింది కదా అని ఊరట పడే వీల్లేదు: 2009 నుంచి 2018 మధ్య మరో 14 శాతం పోయిందని చెప్పింది ఆ రెండో నివేదికే.

వేడి తాకిన విస్తీర్ణం వేరు, చచ్చిన విస్తీర్ణం వేరు. తెల్లబారేంత వేడి 1998లో ప్రపంచ దిబ్బల్లో 21 శాతాన్ని, 2010లో 37 శాతాన్ని, 2014-17లో 68 శాతాన్ని తాకింది. 2023లో మొదలైన నాలుగో ఘటన 2025 వసంతం నాటికే 84 శాతానికి చేరింది. పత్రికల్లో ఈ చివరి అంకె చాలాచోట్ల '84 శాతం పగడాల మరణం'గా మారిపోయింది. అది తప్పు. అలాగే 2023 జూలైలో ఫ్లోరిడాలో నమోదైన 38.4 డిగ్రీల నీళ్లు లోతు లేని, బురద కలిసిన ఒక ఖాతంలోవి, దిబ్బ మీదివి కావు. నిజానికి ఆ అతిశయోక్తి అవసరమే లేదు: అదే వేసవిలో ఫ్లోరిడా కీస్ దిబ్బల మీద దుప్పికొమ్ముల్లాంటి సన్నని కొమ్మలు, వాటికన్నా వెడల్పైన కొమ్మలు వేసే రెండు ఆక్రోపొరా జాతులు దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి.

ఇక ఆస్ట్రేలియా రికార్డు సంగతి. 2022లో పెరిగిన విస్తీర్ణంలో ఎక్కువ భాగం త్వరగా పెరిగే ఆక్రోపొరాదే. తుపానుకు విరిగేవీ, వేడికి మొదట చచ్చేవీ, ముళ్ల నక్షత్రచేప ఇష్టంగా తినేవీ అవే. అడవి కొట్టేసిన చోట రెండేళ్లలో తుమ్మ దట్టంగా లేస్తే పచ్చదనం లెక్కలో తేడా కనిపించదు. ఉత్తర భాగంలో 39.8 శాతం ఉన్న విస్తీర్ణం 2025 నివేదిక నాటికి 30కి, దక్షిణాన 38.9 నుంచి 26.9కి పడిపోయింది. విస్తీర్ణం ఒక్కటే చూసేవారు అంత పెరుగుదలనూ, ఇంత పతనాన్నీ రెండు విడి వార్తలుగా చదివారు. జాతుల కూర్పు చూసేవారికి మొదటి వార్తలోనే రెండోది కనిపించింది.

ఊరి తప్పా, లోకం తప్పా?

ఈ రంగంలో అన్నిటికంటే పదునైన తగవు ఇదే. డబ్బు ఎక్కడ పెట్టాలన్నది దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి పదును సహజం.

స్థానిక పక్షం మాట ఇది: మితిమీరిన చేపలవేట, మురుగునీరు, తీరంలో తవ్వకాలు దిబ్బను ముందే బలహీనపరిచాయి, వేడి చివరి దెబ్బ మాత్రమే. జెరెమీ జాక్సన్ తదితరుల 2014 నాటి కరీబియన్ నివేదిక దీనికి పెద్ద ఆధారం. అక్కడ 1970ల నుంచి పగడం సగటున 35 శాతం నుంచి 16 శాతానికి పడింది, పతనంలో చాలా భాగం పెద్ద వేడి ఘటనలకు ముందే జరిగింది. 1983లో నాచు మేసే సముద్రపు ముళ్లకాయలు రోగంతో పోయాయి. నాచు మేసే చిలుకచేపల్ని అప్పటికే పట్టేశారు. ఇక నాచుకు అడ్డెవరు? చేపల్ని కాపాడిన బొనేర్, బెర్ముడా దిబ్బలు మెరుగ్గా ఉన్నాయి.

ప్రపంచ పక్షం దీన్ని ఒప్పుకోదు. జాన్ బ్రూనో, అబెల్ వాల్దివియా 2016లో ప్రపంచంలోని దిబ్బల స్థితిని దగ్గర్లోని జనసంఖ్యతో పోల్చి, రెండింటికీ సంబంధం దొరకలేదన్నారు. మనిషి కాలు పెట్టని దీవుల పగడాలూ పోతున్నాయి. టెరీ హ్యూస్ బృందం 2017లో చెప్పింది ఇంకా సూటిగా ఉంది: 2016 వేడిలో గ్రేట్ బారియర్ రీఫ్‌లో నీళ్లు శుభ్రంగా ఉన్న చోటా, వేట నిషేధించిన చోటా తెల్లబారడం ఏమీ తగ్గలేదు. ఆ ఏడాది మార్చి నుంచి నవంబరులోపు ఆ దిబ్బ 30 శాతం పగడాన్ని కోల్పోయింది. ఎక్కువ నష్టపోయింది మనుషుల తాకిడి అతితక్కువగా ఉన్న ఉత్తర భాగమే.

రెండు పక్షాల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, వారు వాదించుకుంటున్నది ఒకే ప్రశ్న మీద కాదనిపిస్తుంది. హ్యూస్ కొలిచింది దెబ్బ తగలడం. బొనేర్ చూపేది దెబ్బ తగిలాక లేవడం. నిక్ గ్రాహమ్ బృందం సీషెల్స్‌లో 21 దిబ్బల్ని గమనించింది. 1998లో అన్నీ దాదాపు ఒక్కలాగే 90 శాతానికి పైగా పోగొట్టుకున్నాయి. తర్వాత 12 కోలుకున్నాయి, 9 నాచుమడులయ్యాయి. లోతు, గరుకైన నిర్మాణం, నాచు మేసే చేపలు, నీటిలో పోషకాల మోతాదు ఆ తేడాను నిర్ణయించాయి. అయితే దెబ్బ దగ్గర కూడా స్థానిక పరిస్థితికి పాత్ర లేకపోలేదని 2021లో మేరీ డొనొవాన్ తదితరులు చూపారు: నాచు, ముళ్లకాయలు బాగా ఎక్కువైన చోట అదే వేడికి ఎక్కువ పగడం చచ్చింది. ఎరువుల నీళ్లు కలిసి నత్రజని, భాస్వరాల పొంతన తప్పిన చోట పగడం త్వరగా తెల్లబారుతుందన్న ప్రయోగాలూ ఉన్నాయి. మొత్తం మీద ప్రపంచ పక్షానిదే పైచేయి అనాలి, ఒక షరతుతో. లేచేందుకు వ్యవధి ఉన్నంతకాలం స్థానిక పక్షం చెప్పేదానికి విలువ ఉంటుంది.

ఆ వ్యవధే తగ్గుతోంది. 1980ల మొదట్లో ఒక దిబ్బకు తీవ్రమైన వేడి దెబ్బ 25 నుంచి 30 ఏళ్లకోసారి తగిలేది. 2016 నాటికి ఆరేళ్లకోసారి. త్వరగా పెరిగే జాతులకు సైతం కోలుకోవడానికి కనీసం పదేళ్లు కావాలి. ఆస్ట్రేలియాకు వాయవ్యాన ఒంటరిగా ఉన్న స్కాట్ రీఫ్ 1998లో 9 శాతానికి పడి, బయటినుంచి పిల్లపగడాల రాక లేకుండానే పన్నెండేళ్లలో 44 శాతానికి ఎదిగింది. ఆశావాదులు చూపే ఉదాహరణ ఇది. 2016లో అది మళ్లీ తెల్లబారింది.

అలవాటు పడతాయా?

1993లో బడ్డెమీర్, ఫాటిన్ ఒక సాహసం చేశారు. తెల్లబారడం రోగం కాదు, అద్దెదారుల్ని మార్చుకునే అవకాశం కావచ్చునన్నారు. 2006లో బెర్కెల్‌మన్స్, వాన్ ఓపెన్ ఒక పగడం వేడిని తట్టుకునే రకం శైవలాన్ని చేర్చుకుని ఒకటి, ఒకటిన్నర డిగ్రీల ఓర్పు సంపాదించిందని చూపారు. కానీ ఆ కొత్త అద్దెదారు అద్దె తక్కువ ఇస్తుంది: పెరుగుదల మందగిస్తుంది. పైగా చాలా జాతులకు అలా మార్చుకునే స్వభావమే లేదు.

2019లో వచ్చిన ఒక ప్రపంచ విశ్లేషణలో, తెల్లబారడం మొదలయ్యే ఉష్ణోగ్రత ముందు దశాబ్దం కన్నా సుమారు అర డిగ్రీ పెరిగింది. పగడాలు గట్టిపడ్డాయనా? బలహీనమైనవి ముందే పోయాయనా? అంకె ఒకటే, అర్థాలు రెండు. పలావు దీవుల్లో పగడాల ఓర్పు దశాబ్దానికి 0.1 డిగ్రీ చొప్పున పెరిగిందన్న 2023 పరిశోధన, ఉద్గారాలు అదుపులో ఉంటే ఆ వేగం కొంత కాపాడుతుందని, లేకుంటే చాలదని చెప్పింది. ఎర్రసముద్రపు ఉత్తర కొస మాత్రం ప్రత్యేకం. మంచుయుగం తర్వాత వేడి దక్షిణద్వారం గుండా వడపోతై వచ్చిన పగడాలవి; తమ వేసవికి మించిన వేడిని ఓర్చుకోగలవు. ఆ చరిత్ర ఇంకెక్కడా లేదు కాబట్టి ఆ ఓర్పును ప్రపంచానికి వర్తింపజేయలేం.

మన సముద్రాల్లో

ఆంధ్ర తీరంలో పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే తియ్యనీళ్లు, ఒండ్రు పగడాలకు గిట్టవు. అయినా ఈ కథలో హైదరాబాదుకు చోటుంది. అక్కడి భారత జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, 2011 నుంచి ఉపగ్రహ ఉష్ణోగ్రతల ఆధారంగా అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ దిబ్బలకు తెల్లబారే ముప్పు హెచ్చరికలు ఇస్తోంది. మన దిబ్బలకు గడ్డుకాలం ఏప్రిల్, మే. నైరుతి మబ్బులు కమ్మి, గాలులు నీటిని కలియబెట్టాకే ఊపిరాడుతుంది.

పై తగవుకు మన దగ్గర మంచి జోడు ఉదాహరణలున్నాయి. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య ఉన్న మన్నార్ దీవులు స్థానిక పక్షానికి సాక్ష్యం: దశాబ్దాల పాటు సున్నానికీ కట్టడాలకూ పగడం తవ్వారు, 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. 2001లో దిబ్బ పగడాల్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చాక తవ్వకానికి అడ్డుకట్ట పడింది, పగడం పెరిగింది కూడా. 2016 వేసవి ఆ పెరుగుదలను మింగేసింది, విస్తీర్ణం 38.9 శాతం నుంచి 22.7కు దిగింది.

లక్షద్వీప్ సాక్ష్యం మరో వైపుది. అక్కడివారు ప్రధానంగా నడిసముద్రంలో గాలాలతో ట్యూనా పడతారు, దిబ్బ చేపల మీద ఒత్తిడి చాలాకాలం తక్కువే. అయినా రోహన్ ఆర్థర్ బృందం అగత్తి, కద్మత్, కవరత్తి దిబ్బల్ని 1998 నుంచి ఇరవైనాలుగేళ్లు గమనిస్తే పగడం 37 శాతం నుంచి 19 శాతానికి వచ్చింది. 1998, 2010, 2016 దెబ్బల్లో ఒక్కొక్కదానిలో చచ్చినవి తగ్గుతూ వచ్చాయి, కోలుకునే వేగమూ తగ్గుతూ వచ్చింది. మొదటి సగం మాత్రమే చెబితే అది అలవాటు పడటం. రెండో సగం చేర్చితే చావడానికి మిగిలినవే తక్కువన్న సంగతి. ఆరేళ్లు వేడి తగలకుండా గడిస్తేనే పెరుగుదల ఊపందుకుంటుందని వారు లెక్కగట్టారు. అండమాన్‌కు వస్తే చిత్రం కలగాపులగం: 2010 వేడి కన్నా ముందే, 2004 డిసెంబరు భూకంపం ఉత్తర అండమాన్ దిబ్బలు కొన్నిటిని నీళ్లలోంచి పైకెత్తేసింది. అక్కడ నష్టమంతా వేడి ఖాతాలో రాయడం కుదరదు.

నాటడం, పెంచడం, నీడ పట్టడం

కొమ్మలు విరిచి నర్సరీలో పెంచి నాటడం ప్రపంచమంతా సాగుతోంది. సగటున మూడింట రెండొంతులు బతుకుతున్నాయన్నది 2020 నాటి సమీక్ష. కానీ ఎక్కువ ప్రాజెక్టులను ఏడాదిన్నరకు మించి గమనించలేదని చెప్పింది కూడా అదే సమీక్ష. ఇండోనేసియాలో బాంబులతో చేపలు పట్టి పాడుచేసిన దిబ్బలు నాటిన నాలుగేళ్లకే సున్నం కూడబెట్టే స్థితికి వచ్చాయి. అక్కడ రోగం బాంబు, అది ఆగింది. వేడి రోగమైన ఫ్లోరిడాలో 2023లో నర్సరీ పగడాల్నే పైకి తీసి ఒడ్డున తొట్లలో దాచుకోవాల్సి వచ్చింది. రూత్ గేట్స్, మడెలీన్ వాన్ ఓపెన్ 2015లో ప్రతిపాదించిన 'సాయంతో పరిణామం', అంటే ఓర్పుగల పగడాల్ని ఎంచి సంకరం చేయడం, ప్రయోగశాల దాటి మెల్లగా అడుగేస్తోంది. దిబ్బల పైన మబ్బుల్ని ఉప్పు తుంపరతో మెరిపించి ఎండ తగ్గించే ప్రయోగాలు ఆస్ట్రేలియాలో 2020 నుంచి జరుగుతున్నాయి. వీటిని వ్యతిరేకించేవారు పనికిరావనరు. ఉద్గారాల ప్రశ్న నుంచి చూపు తప్పిస్తాయంటారు. సమర్థించేవారు విత్తనం మిగిల్చుకోవడం గురించి మాట్లాడతారు.

ఇంకా తేలనివి

లోతు దిబ్బలు ఆశ్రయమవుతాయా? అలా అనుకునేవారు. 2018లో లోతుకు దిగి చూసినవారు అక్కడివి చాలావరకు వేరే జాతులన్నారు. తిరిగిరాలేని గీత ఎక్కడుంది? వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం 2018లో పారిశ్రామిక యుగానికి ముందుకన్నా భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే 70 నుంచి 90 శాతం పగడాలు, 2 డిగ్రీలు వేడెక్కితే 99 శాతానికి పైగా పోతాయంది. 2025 నాటి అంతర్జాతీయ నివేదిక గీతను 1.2 దగ్గర గీసింది. దిబ్బలన్నిటికీ ఒకే గీత ఉండదని, చచ్చిపోయిందని ముందే ప్రకటిస్తే కాపాడేందుకు ఎవరూ రారని అభ్యంతరం చెప్పేవారి మాటలో శాస్త్రం ఎంత, ఆందోళన ఎంత అన్నది విడదీయడం కష్టం. అన్నిటికంటే మొదట తేలాల్సింది 'కోలుకోవడం' అన్న మాటకు అర్థం. విస్తీర్ణమా, పాత జాతులా, సున్నం పేరుకునే వేగమా, చేపల రాకా? ఈ నాలుగూ ఒకేసారి తిరిగి రావు.

లక్షద్వీప్‌లో 2016 తర్వాత మళ్లీ తీవ్రంగా తెల్లబారింది 2024 వేసవిలో. నడుమ దొరికింది ఎనిమిదేళ్లు. ఆరేళ్ల లెక్క అక్కడ మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలైంది.